బోరు నీళ్లలో గ్యాస్ కలిసిందా? నేల ఉప్పెక్కింది ఎవరి వల్ల? అధికారులు తేల్చేది ఇలా..

* గ్యాస్ బావి, కంప్రెసర్ స్టేషన్, పైప్‌లైన్.. ఒక్కోచోట ఒక్కో రకం కాలుష్యం
* ఉప్పు సముద్రానిదా? రొయ్యల చెరువుదా? గ్యాస్ బావి నీళ్లదా? నీళ్లలోనే గుర్తులు
* కాలిఫోర్నియా హింక్లీ నుంచి కోనసీమ నగరం దాకా.. చెబుతున్న పాఠాలు
* అనుమానం వస్తే ఏం చేయాలి? ఏం చేయకూడదు?

కోవూరు (నెల్లూరు జిల్లా): పెన్నా డెల్టాలో నీళ్లకు కొదవ లేదు. కొన్ని అడుగులు తవ్వితే చాలు, ఇసుక పొరల్లో నీరు తగులుతుంది. కోవూరు, కొడవలూరు, విడవలూరు, ఇందుకూరుపేట మండలాల్లో వరి పొలాలు, రొయ్యల చెరువులు, ఇంటి బోర్లు అన్నీ ఆ పొరల మీదే ఆధారపడ్డాయి. అదే ఇక్కడి బలం, బలహీనత కూడా. నీరు ఎంత పైన ఉంటే నేల మీద ఒలికింది అంత తొందరగా దానిలో కలుస్తుంది.

కోవూరులో గ్యాస్ వల్ల నీళ్లు పాడయ్యాయని కాదు. కానీ కృష్ణా, గోదావరి డెల్టాల్లో దశాబ్దాలుగా గ్యాస్ తీస్తున్నారు. కోనసీమలో బావి ఎగసిపడి రోజుల తరబడి మండింది. పైప్‌లైన్ పేలి ఊరు కాలిపోయింది. గ్యాస్ వాడకం ఇప్పుడు కోస్తా అంతటా పెరుగుతోంది. అందుకే ఒక ప్రశ్న ఏ ఊరి వాళ్లకైనా వస్తుంది. గ్యాస్ కేంద్రం పక్కన బోరు నీళ్లు రంగు మారినా, రుచి మారినా కారణం ఏంటో ఎలా తేలుస్తారు?

గ్యాస్ గాలిలో పోతుంది కదా, నేల ఎలా పాడవుతుంది?

చాలామందికి వచ్చే మొదటి అనుమానం ఇదే. సహజవాయువులో ఎక్కువ భాగం మీథేన్. గాలి కంటే తేలిక. లీకైతే పైకి పోతుంది. నేలను పాడు చేసేది ఎక్కువగా మీథేన్ కాదు, దాంతోపాటు వచ్చేవి, దాని కోసం వాడేవి.

బావి దగ్గర: గ్యాస్‌తో పాటు భూమి లోతుల్లోంచి ఉప్పునీరు వస్తుంది. దాన్ని ప్రొడ్యూస్డ్ వాటర్ అంటారు. కొన్నిచోట్ల ఇది సముద్రపు నీటి కంటే ఉప్పగా ఉంటుంది. బేరియం, స్ట్రాన్షియం లాంటి లోహాలు, చమురు జాడలు కూడా ఉండొచ్చు. బావి తవ్వేటప్పుడు వచ్చే బురద, రాతి ముక్కలు వేరే. వాటిని ప్లాస్టిక్ షీట్ పరిచిన గుంతల్లోనే వేయాలి. షీట్ చిరిగినా, వానకు గుంత పొంగినా ఆ నీళ్లు పక్క పొలంలోకే.

వేరు చేసే కేంద్రంలో: గ్యాస్ చల్లబడితే పెట్రోలు లాంటి ద్రవం దిగుతుంది. పేరు కండెన్సేట్. ఇందులో బెంజీన్, టోలిన్, జైలీన్ ఉంటాయి. బెంజీన్ క్యాన్సర్ కారకం. తాగే నీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే వంద లీటర్ల నీటిలో ఒక్క మిల్లీగ్రాము.

కంప్రెసర్ స్టేషన్‌లో: గ్యాస్‌ను దూరం నెట్టడానికి పెద్ద యంత్రాలు నడుస్తాయి. వాటి లూబ్రికేటింగ్ ఆయిల్, కూలింగ్ టవర్ నీళ్లలో కలిపే మందులు నేలలోకి దిగే ప్రమాదం ఉంది. పాతకాలపు మీటర్లలో పాదరసం వాడేవాళ్లు. మీటర్ పగిలినచోట అది నేలలో మిగిలిపోయిన సందర్భాలు అమెరికాలో చాలా బయటపడ్డాయి.

పైప్‌లైన్ వెంట: నీరు, కండెన్సేట్ సరిగా తీయని గ్యాస్‌ను పంపితే పైపు లోపలి నుంచే తుప్పు పడుతుంది. చిల్లు పడితే గ్యాస్‌తో పాటు ఆ ద్రవమూ మట్టిలోకి కారుతుంది.

నగరం చెప్పిన పాఠం

ఈ చివరి మాటకు తెలుగు నేల మీదే సాక్ష్యం ఉంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున తూర్పుగోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైప్‌లైన్ పేలింది. 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరి తోటలు కాలిపోయాయి. పొడి గ్యాస్ కోసం వేసిన లైన్‌లో నీరు, కండెన్సేట్ కలిసిన తడి గ్యాస్ పంపడం, లోపల తుప్పు పట్టడం కారణమని విచారణలో తేలింది. అంతకుముందే అక్కడ లీకులు ఉండేవని, చెప్పినా పట్టించుకోలేదని స్థానికులు ఆరోపించారు.

మంట అందరికీ కనిపించింది. కానీ తుప్పు పట్టిన పైపు పేలడానికి ముందు చెమ్మ రూపంలోనో, వాసన రూపంలోనో సంకేతం ఇవ్వొచ్చు. నేలను పరీక్షించడం అంటే నీళ్ల కోసం మాత్రమే కాదు, ప్రాణాల కోసం కూడా.

అంతకుముందు 1995 జనవరి 8న అదే కోనసీమలోని పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావిలో బ్లోఔట్ జరిగింది. మంటలు ఆర్పడానికి రెండు నెలలకు పైగా పట్టింది. అమెరికా నుంచి నిపుణులు రావాల్సి వచ్చింది. ఆ పేరు చెబితే ఇప్పటికీ కోనసీమలో పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. పొలాలు, భూగర్భ జలాల కాలుష్యంపై కోనసీమ నుంచి వెళ్లిన ఫిర్యాదు జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా చేరింది. 2022లో ఓఎన్‌జీసీకి రూ.22 కోట్లకు పైగా పర్యావరణ పరిహారం విధిస్తూ ట్రైబ్యునల్ ఉత్తర్వులు ఇచ్చింది.

హింక్లీ: సినిమాగా వచ్చిన నిజం

గ్యాస్ కేంద్రం వల్ల భూగర్భ జలం పాడైన కేసుల్లో ప్రపంచమంతా చెప్పుకునేది కాలిఫోర్నియాలోని హింక్లీ అనే చిన్న ఊరిది. అక్కడ పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీకి 1952 నుంచి కంప్రెసర్ స్టేషన్ ఉంది. కూలింగ్ టవర్లు తుప్పు పట్టకుండా హెక్సావలెంట్ క్రోమియం కలిపిన నీళ్లు వాడేవారు. వాడేసిన నీటిని కింద ఏ షీటూ లేని గుంతల్లోకి వదిలేవారు. 1960ల మధ్య దాకా ఇదే తంతు.

విషయం బయటికొచ్చింది 1987లో. అంటే వదలడం ఆపిన 20 ఏళ్ల తర్వాత! అప్పటికే క్రోమియం భూమి కింద ఊరి బావుల వైపు పాకింది. ఎరిన్ బ్రోకోవిచ్ అనే లా ఆఫీసు ఉద్యోగి పాత కాగితాలు తవ్వి కేసుకు ప్రాణం పోశారు. 1996లో 600 మందికి పైగా బాధితులకు కంపెనీ 33.3 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. 2000లో ఆమె పేరుతోనే హాలీవుడ్ సినిమా వచ్చింది. జూలియా రాబర్ట్స్‌కు ఆస్కార్ తెచ్చింది ఆ సినిమానే.

సినిమా అక్కడితో అయిపోయింది. దర్యాప్తు మాత్రం కాలేదు. ఎందుకంటే ఆ ప్రాంతం రాళ్లలో సహజంగానే కొంత క్రోమియం ఉంది. ఏది కంపెనీది, ఏది ప్రకృతిది? దీన్ని విడదీయడానికి అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పనిచేశారు. నివేదిక 2023లో వచ్చింది. ఈ ప్రశ్నే నెల్లూరు తీరంలో మరో రూపంలో ఎదురవుతుంది. ఇక్కడ క్రోమియం బదులు ఉప్పు.

దర్యాప్తు మొదలయ్యేది పారతో కాదు, కాగితాలతో

గ్యాస్ కేంద్రం దగ్గర కాలుష్యం ఉందంటే నిపుణులు నేరుగా తవ్వడం మొదలుపెట్టరు. పని మెట్లు మెట్లుగా సాగుతుంది.

మొదటి మెట్టు, చరిత్ర: కేంద్రం ఎప్పుడు కట్టారు? ట్యాంకులు, గుంతలు, డ్రైనేజీ ఎక్కడ? ఏ రసాయనాలు కొన్నారు? ఎప్పుడెప్పుడు ఒలికింది? పాత శాటిలైట్ చిత్రాల్లో ఇప్పుడు పూడ్చేసిన గుంతలు కూడా కనిపిస్తాయి. రిటైరైన కార్మికులు, పక్క పొలం రైతులు చెప్పేది ఇక్కడ చాలా విలువైనది. హింక్లీలో ఏ నీళ్లు ఎక్కడికి వదిలారో తేల్చడంలో పాత రికార్డులు, పాత ఉద్యోగుల మాటలు కీలకమయ్యాయి.

రెండో మెట్టు, మట్టి: అనుమానం ఉన్నచోట యంత్రంతో సన్నగా తవ్వి, లోతు లోతుకూ మట్టి తీస్తారు. పైన ఎక్కువ, కింద తక్కువ ఉంటే ఒలికింది నేల మీద. పైన ఏమీ లేకుండా నీటి మట్టం దగ్గరే ఉంటే పక్క నుంచి పాకివచ్చిందని అర్థం. కండెన్సేట్ నీటి కంటే తేలిక కాబట్టి భూగర్భ జలం మీద తెట్టులా తేలుతుంది.

మూడో మెట్టు, పరిశీలన బావులు: భూమి కింద నీళ్లు కూడా వాలు చూసుకుని కదులుతాయి. ఆ వాలు తెలియాలంటే కనీసం మూడు బావులు కావాలి, అవీ ఒకే వరుసలో ఉండకూడదు. మూడింట్లో నీటి మట్టం కొలిస్తే ఎటు పారుతోందో లెక్క వస్తుంది. తర్వాత కేంద్రానికి ఎగువన ఒక బావి, దిగువన కొన్ని బావులు. ఎగువన నీళ్లు బాగుండి దిగువన చెడితే వేలు కేంద్రం వైపు చూపిస్తుంది. ఎగువన కూడా అంతే చెడి ఉంటే కారణం వేరేచోట వెతకాలి.

ఇక్కడే ఓ చిక్కు. డెల్టాలో వాలు తక్కువ. పైగా సాగు సీజన్‌లో వందల మోటార్లు ఒకేసారి నడిస్తే నీటి దిశ మారిపోతుంది. కాల్వకు నీళ్లు వదిలినప్పుడు ఒకలా, వేసవిలో ఒకలా ఉంటుంది. అందుకే ఒక్కసారి కొలిచి చేతులు దులుపుకుంటే కుదరదు. వానలకు ముందు, తర్వాత కూడా కొలవాలి.

నాలుగో మెట్టు, వేగం: భూగర్భ జలం నిదానంగా కదులుతుంది. రోజుకు 10 సెంటీమీటర్లు కదిలిందనుకుంటే ఏడాదికి 36 మీటర్లే. 360 మీటర్ల దూరంలోని బోరుకు చేరడానికి పదేళ్లు. అందుకే "ఇన్నేళ్లుగా బాగానే ఉన్నాయి కదా" అన్న మాట రుజువు కాదు. "ఈ ఏడాది ఏమీ ఒలకలేదు" అన్న కంపెనీ మాట కూడా రుజువు కాదు.

సీసా ఎలా నింపారన్నదే కేసు

నమూనా తప్పుగా తీస్తే ఎంత మంచి ల్యాబైనా చేసేదేం లేదు. బోరు పైపులో నిలవున్న నీళ్లు కాదు, పొరలోని తాజా నీళ్లు కావాలి. అందుకే పీహెచ్, ఉష్ణోగ్రత, విద్యుత్ వాహకత స్థిరపడే దాకా నీటిని తోడి పారబోస్తారు. ఆ తర్వాతే సీసా పడతారు.

బెంజీన్ గాలిలో కలిసిపోయే రకం. దానికోసం చిన్న గాజు సీసాల్లో బుడగ కూడా లేకుండా అంచు దాకా నింపి, మూత బిగించి, ఐస్ పెట్టెలో ఉంచాలి. ఎండలో ప్లాస్టిక్ బాటిల్‌లో తీసుకెళ్తే ల్యాబ్‌కు చేరేలోపు చాలావరకు ఎగిరిపోతుంది. "బెంజీన్ లేదు" అని రిపోర్టు వస్తుంది, కానీ ఆ రిపోర్టుకు విలువ లేదు. లోహాల కోసమైతే నీటిని వడకట్టి ఆమ్లం కలుపుతారు.

సీసా మీద బోరు గుర్తు, తేదీ, సమయం, తీసినవాళ్ల సంతకం ఉండాలి. అక్కడి నుంచి ల్యాబ్ దాకా ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్లిందో కాగితం మీద నమోదు కావాలి. గొడవ కోర్టుకు వెళ్తే మొదట అడిగేది ఆ కాగితమే.

ఉప్పు ఎవరిది? నీళ్లే చెబుతాయి

నెల్లూరు తీరంలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే అనుమానితులు ముగ్గురు. ఎక్కువగా తోడేయడం వల్ల చొచ్చుకొచ్చే సముద్రం ఒకటి. రొయ్యల చెరువుల నుంచి ఊరే ఉప్పునీరు రెండోది. గ్యాస్ కేంద్రం ఉంటే దాని ప్రొడ్యూస్డ్ వాటర్ మూడోది. టీడీఎస్ మీటర్ పెట్టి చూస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి. తాగునీటి టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా ఫర్వాలేదని భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. కానీ ఆ అంకె ఉప్పు ఎంతుందో చెబుతుంది గానీ, ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పదు.

దానికి వేరే లెక్కలున్నాయి. సముద్రపు నీటిలో క్లోరైడ్, బ్రోమైడ్ బరువుల నిష్పత్తి సుమారు 290. ప్రపంచంలో ఏ సముద్రం తీసుకున్నా దాదాపు అంతే. సల్ఫేట్ కూడా క్లోరైడ్‌లో సుమారు 14 శాతం ఉంటుంది. భూమి లోతుల్లోని ప్రొడ్యూస్డ్ వాటర్‌లో సాధారణంగా సల్ఫేట్ బాగా తక్కువ, బేరియం, స్ట్రాన్షియం ఎక్కువ. బోరు నీటిలో ఈ నిష్పత్తులు సముద్రంతో సరిపోతే ఒక దారి, సరిపోకపోతే మరో దారి.

రొయ్యల చెరువుకు నీళ్లు క్రీక్ నుంచో, ఉప్పు బోరు నుంచో వస్తాయి కాబట్టి దాని గుర్తు కూడా సముద్రానికి దగ్గరగానే ఉంటుంది. అప్పుడు చెరువు ఎప్పుడు తవ్వారు, బోరు ఎప్పుడు చెడింది, దూరం ఎంత అన్నవి చూడాలి. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పడం ఎవరి వల్లా కాదు. డెల్టా బురదలోని సూక్ష్మజీవులు కూడా సల్ఫేట్‌ను తినేస్తాయి. అందుకే మూడు నాలుగు గుర్తులు ఒకే మాట చెబితేనే నమ్ముతారు.

మంట వచ్చే నీళ్లు: గ్యాస్ బావిదా, బురదదా?

బోరు నీళ్లు నురగ కక్కుతూ, బుడగలతో వస్తే మీథేన్ ఉండొచ్చు. అయితే మీథేన్ గ్యాస్ బావుల్లోనే పుట్టదు. వరి పొలం, చిత్తడి నేల, కుళ్లిన ఆకు.. గాలి తగలని బురద ఎక్కడుంటే అక్కడ పుడుతుంది. డెల్టా అంటేనే బురద పొరలు.

రెండింటినీ విడదీసే గుర్తు కార్బన్‌లో ఉంది. సూక్ష్మజీవులు తయారుచేసిన మీథేన్‌లో బరువైన కార్బన్-13 తక్కువ. ల్యాబ్ కొలమానంలో ఇది మైనస్ 60 కంటే దిగువన ఉంటుంది. లోతుల్లో వేడికి పుట్టిన గ్యాస్‌లో సాధారణంగా మైనస్ 50 కంటే పైన ఉంటుంది. పైగా లోతు గ్యాస్‌లో ఈథేన్, ప్రొపేన్ తోడుంటాయి. బురద గ్యాస్‌లో అవి దాదాపు ఉండవు. మధ్యలో అంకెలు వస్తే రెండూ కలిశాయేమో అని మళ్లీ చూస్తారు.

ఒక జాగ్రత్త. ఇళ్లకిచ్చే గ్యాస్‌కు ఘాటు వాసన రావడానికి మెర్కాప్టాన్ కలుపుతారు. బావి నుంచి వచ్చే ముడి గ్యాస్‌కు అది ఉండదు. అంటే వాసన లేదు కాబట్టి గ్యాస్ లేదనుకోవడం పొరపాటు. మూసిన గదిలో గాలిలో 5 నుంచి 15 శాతం మీథేన్ ఉంటే నిప్పురవ్వ చాలు, పేలుతుంది. నీటిలో లీటరుకు 28 మిల్లీగ్రాములు దాటితే వెంటనే చర్య తీసుకోవాలని అమెరికా సంస్థల సూచన.

శుభ్రం చేయడం కుదురుతుందా?

కుదురుతుంది, కానీ ఏళ్లు పడుతుంది. నూనె పట్టిన మట్టిని తవ్వి తీసి, సూక్ష్మజీవులతో శుద్ధి చేయొచ్చు. నీటి మీద తేలే కండెన్సేట్‌ను తోడేయొచ్చు. బెంజీన్‌ను గాలి పంపి బయటికి లాగొచ్చు. హింక్లీలో భూమిలోకి ఇథనాల్ పంపించి, విషపూరితమైన క్రోమియం-6ను ప్రమాదం తక్కువున్న క్రోమియం-3గా మారుస్తున్నారు. తోడిన నీటితో పశుగ్రాసం పొలాలు తడిపి, మట్టిలోనే ఆ మార్పు జరిగేలా చూశారు. అయినా ఇప్పటికీ పని పూర్తి కాలేదు.

అన్నిటికంటే మొండిది ఉప్పు. దాన్ని ఏ సూక్ష్మజీవీ తినదు. మంచినీళ్లు పారించి కడగడం, జిప్సం వేయడం, కాలం గడవనివ్వడం తప్ప అడ్డదారి లేదు. అందుకే ఒలికాక కడగడం కంటే గుంతకు షీట్ సరిగా ఉందా అని ముందే చూడటం చౌక.

చట్టం ఏం చెబుతోంది?

చమురు, గ్యాస్ తవ్వకాల్లో వచ్చే నూనె బురద, డ్రిల్లింగ్ వ్యర్థాలు 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తాయి. ఎక్కడపడితే అక్కడ పూడ్చడానికి వీల్లేదు. కాలుష్య ప్రాంతాల నిర్వహణపై కేంద్రం 2025 జులైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అనుమానిత స్థలాలను గుర్తించి చెప్పే బాధ్యత జిల్లా యంత్రాంగానిది. సమాచారం అందిన 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన, కాలుష్యం ఉందనిపిస్తే మరో 90 రోజుల్లో పూర్తి సర్వే జరగాలి. ఖర్చు కాలుష్యం చేసినవాళ్లదే.

హరిత ట్రైబ్యునల్ దక్షిణ బెంచ్ చెన్నైలో ఉంది. ఆంధ్రప్రదేశ్ దాని పరిధిలోదే. పరిహారం కోసం కారణం తలెత్తిన అయిదేళ్లలోపు అర్జీ పెట్టుకోవాలి.

అనుమానం వస్తే..

* నీళ్లలో నూనె తెట్టు, పెట్రోలు వాసన ఉంటే తాగడం, వండటం ఆపేయాలి. మరిగించడం పరిష్కారం కాదు. ఉప్పు, లోహాలు పోవు. బెంజీన్ ఆవిరై వంటింటి గాలిలో కలుస్తుంది.
* బుడగలొస్తుంటే అగ్గిపుల్ల గీసి చూడొద్దు. మోటారు గది తలుపులు, కిటికీలు తీసి ఉంచాలి. దగ్గర్లో బీడీ, స్విచ్ వద్దు.
* తేదీ వేసి రాసుకోవాలి. రంగు ఎప్పుడు మారింది, ఎన్ని బోర్లలో, వానకు ముందా తర్వాతా? ఒకే ఇంటి ఫిర్యాదు కంటే పది బోర్ల పట్టిక బలం.
* గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో మామూలు పరీక్షలు చేయించుకోవచ్చు. బెంజీన్, కార్బన్ ఐసోటోప్ లాంటివి ప్రత్యేక ల్యాబ్‌ల్లోనే. ఏ పరీక్ష కావాలో ఫిర్యాదులో పేరు పెట్టి అడగాలి.
* కలెక్టర్ కార్యాలయం, కాలుష్య నియంత్రణ మండలి, రెండు చోట్లా రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి.
* నమూనా తీసేటప్పుడు ఊరివాళ్లు పక్కన ఉండాలి. ఎగువ బోరు నుంచి కూడా తీయమని అడగాలి.

కేంద్రం కట్టకముందే చేయాల్సిన పని

హింక్లీ అయినా కోనసీమ అయినా ఒకచోట ఆగిపోతాయి. "ముందు నీళ్లు ఎలా ఉండేవి?" దానికి కాగితం ఉంటే వాదన సగం తేలిపోయినట్టే. కాగితం లేకపోతే కంపెనీ సముద్రం వైపు చూపిస్తుంది, రైతు కంపెనీ వైపు చూపిస్తాడు. ఏళ్లు గడుస్తాయి.

అందుకే గ్యాస్ కేంద్రమో, పైప్‌లైనో రాబోతోందంటే ప్రజాభిప్రాయ సేకరణలో ఊరు అడగాల్సింది ఉద్యోగాల గురించి మాత్రమే కాదు. చుట్టుపక్కల బోర్లన్నిటికీ పని మొదలుకాకముందే పరీక్ష చేయించి, ఆ రిపోర్టు పంచాయతీలో పెట్టమని అడగాలి. క్లోరైడ్, బ్రోమైడ్, సల్ఫేట్, బేరియం, మీథేన్, బెంజీన్.. ఈ ఆరు అంకెలు ఉన్న ఒక్క కాగితం రేపు పొలం ఎండితే ఊరి తరఫున మాట్లాడుతుంది.